లాక్టోమీటరుతో కొలిచిన సముద్రం

నరసరావుపేటలో సముద్రం బతకదని నాకు చెప్పనివాళ్ళు లేరు. కాలేజీలో చెప్పారు, బస్సులో చెప్పారు, పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు చెప్పారు. తాగే నీళ్ళకే దిక్కులేని చోట నీకు ఉప్పునీళ్ళ తొట్టి కావలసొచ్చిందా అని మా మేనత్త మొహం మీదే అడిగింది. అందరికీ నేనిచ్చిన జవాబు ఒకటే. బతుకుతుందో లేదో నేను చూసుకుంటాను, మీ పని మీరు చూసుకోండి. ఆ మాట అనడం తేలికే. ఆ నీళ్ళలో ఉప్పు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మాత్రం ఒక ఎండాకాలమంతా పట్టింది.

ఇది ఎనభైల నడిమి సంగతి. అప్పుడు నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఆ విభాగంలో చేరిన మొదటి ఆడదాన్ని. ఉద్యోగం పేరు పెద్దదే గాని చేసే పని కప్పలు తెప్పించడం, బల్లలు కడిగించడం, మ్యూజియం గదిలో సీసాల్లో ఫార్మలిన్ తగ్గితే పోయడం. ఆ గదిలో పాములు, జెర్రులు, పీతలు, నక్షత్ర చేపలు అన్నీ ఒకే పాలిపోయిన తెలుపులో ఉండేవి. బతికున్నప్పుడు వాటి రంగేమిటో పిల్లలకు తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఫార్మలిన్ ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతుంటే, చచ్చినవాటికి కాపలా కాయడానికా నేను చదువుకున్నది అని ఒళ్ళు మండేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఫైనలియర్ పిల్లల్ని రామేశ్వరం టూరుకి తీసుకెళ్ళాం. ఆడపిల్లలు వస్తున్నారు కాబట్టి నన్నూ రమ్మన్నారు. అక్కడ ఒక జాలరి మోకాలి లోతు నీళ్ళలోంచి ఒక రాయి ఎత్తి చూపించాడు. రాతి మీద ఒక చోట సూది మొన అంత నోళ్ళు తెరిచిన చిన్న పగడం, పక్కనే అరచేయంత సీ ఎనిమోన్. పేరుకి జంతువే గాని చూడ్డానికి పువ్వు. వేళ్ళలాంటి రేకులన్నీ నీళ్ళలో అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటి మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు దాగుడుమూతలాడుతున్నాయి. నా ఆయుష్షులో అంత రంగు ఒక్కచోట చూడటం అదే మొదటిసారి.

మా విభాగం హెడ్డు ముచ్చటపడ్డాడు. మ్యూజియంలో ఇది లేదమ్మా, సీసా తియ్యి అన్నాడు. ఫార్మలిన్ సీసా నా సంచిలోనే ఉంది. నేను తియ్యలేదు. బతికుండగానే తీసుకెళతాను సార్ అన్నాను. ఆయన నవ్వాడు, పిల్లలు నవ్వారు. నేను మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ కొని, సముద్రపు నీళ్ళు పోసి, రాయిని అందులో పెట్టుకుని రైలెక్కాను. దారి పొడుగునా గ్లాసుతో నీళ్ళు ఎత్తి పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ కూర్చున్నాను. మద్రాసు దాటాక ఒక ముసలావిడ బకెట్లోకి తొంగిచూసి, ఏ గుడికి తీసుకెళుతున్నావమ్మా అని దణ్ణం పెట్టింది.

నరసరావుపేటలో దిగాక హెడ్డు అసలు మాట చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. పుస్తకం చదివితే అక్షరం పొల్లు పోనివ్వడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను పట్టినదానికీ మూడే అనుకోండి, కుందేలు వేరు.

"ఇది తెనాలి కాదమ్మా, పల్నాడు. మే నెల్లో ఇక్కడ మనుషులే ఉడికిపోతారు," అన్నాడు. "జూన్‌లో కాలేజీ తెరిచేటప్పటికి పువ్వు విచ్చుకుని ఉంటే తొట్టి నీదే. వాడిపోయి కనిపిస్తే మాత్రం ఆ రోజే సీసాలోకి."

అని ఊరుకోలేదు. మంచి గాజు సీసా ఒకటి తీయించి, లాటిన్ పేరు రాసిన లేబుల్ అంటించి, మ్యూజియంలో నక్షత్ర చేపల పక్కన ఖాళీగా పెట్టించాడు. ఇంకా బతికున్నదానికి సమాధి కట్టి పెట్టినట్టుంది. రోజూ ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆ సీసా నన్ను వెక్కిరించేది. నాకు భయం కన్నా కోపం ఎక్కువ. నా చేత్తో దాన్ని ఆ సీసాలో దించే రోజు రానివ్వనని అప్పుడే అనుకున్నాను.

తొట్టికి తక్కువ పడలేదు. వాడకుండా పడున్న అద్దాల పెట్టెకి కొత్త అద్దాలు వేయించాను. అడుగున మా వైపు నాపరాయి చిన్న ముక్కలుగా కొట్టించి పరిచాను. ఆ సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదేనని జియాలజీ లెక్చరర్లు పాఠం చెబుతారు. ఆ లెక్కన పల్నాడులో సముద్రం బతకదనేవాళ్ళు నిలబడింది సముద్రం అడుగునే. సముద్రపు నీళ్ళకి మా నాయన ఉన్నాడు. ఆయన రాళ్ళ లారీ డ్రైవరు. మాచర్ల బండలు బాపట్ల, చీరాల వైపు దింపి, ఖాళీ లారీతో తిరిగొచ్చేవాడు. ఖాళీగా రాకుండా సూర్యలంక ఒడ్డుకి పోయి, కడిగిన క్యాన్లలో నీళ్ళు పట్టుకురమ్మన్నాను. మొదటిసారి క్యాన్లు దించుతూ, రాళ్ళమ్మి సముద్రం కొనుక్కొచ్చా అన్నాడు. అంతకు మించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

గొడవ మొదలైంది ఉప్పు దగ్గర.

నీళ్ళలో ఉప్పెంతో చెప్పడానికి కాలేజీలో హైడ్రోమీటరు ఉండేది. అడుగున బరువు, పైన సన్నటి కాడ ఉన్న గాజు బుడ్డి. నీళ్ళలో వదిలితే ఉప్పు ఎక్కువయ్యేకొద్దీ పైకి తేలుతుంది. కాడ మీద గీతలుంటాయి. మంచినీళ్ళలో ఒకటి దగ్గర ఆగుతుంది, సముద్రంలో ఒకటి పాయింటు సున్నా రెండు అయిదు చూపించాలని పుస్తకం. మేము దాన్ని పొట్టిగా ఇరవై అయిదు అనేవాళ్ళం. నాయన తెచ్చిన నీళ్ళలో ముంచితే ఇరవై రెండు దాటి పైకి రాలేదు.

నది నీళ్ళు కలిసిన చోట పట్టుకొచ్చాడు మీ నాయన, దీంట్లో ఉప్పు చాలదు, వెయ్యి అన్నాడు హెడ్డు. నేను తటపటాయించాను. ఆయనకి తటపటాయింపు లేదు. అటెండరు చేత కిరాణా కొట్టు నుంచి రాళ్ళుప్పు తెప్పించి, కరిగించి, ఇరవై అయిదు గీత దాకా పోయించాడు. మార్చి ఎండకి రోజూ తొట్టిలో నీళ్ళు కొంచెం కొంచెం తగ్గుతుంటే, తగ్గినంతా మళ్ళీ క్యాన్లలోని సముద్రపు నీళ్ళతోనే నింపించాడు. సముద్రం తగ్గితే సముద్రమే పొయ్యాలి కదా అని ఆయన వాదన.

పువ్వు ముడుచుకోవడం మొదలుపెట్టింది. మొదట రేకులు పొట్టివయ్యాయి. తరవాత మొత్తం లోపలికి లాక్కుని, ఎండిన అత్తిపండంత అయింది. పగడం మీద నోళ్ళు మూసుకుపోయాయి. చేపలు రెండూ ఎక్కడ దాక్కోవాలో తెలియక మూల నిలబడి ఆయాసపడుతున్నాయి. సెలవులిచ్చే రోజు హెడ్డు వచ్చి చూసి, పాపం అన్నాడు. ఆ పాపం అన్న మాట నన్ను రగిలించింది. జాలి చూపిస్తూ మ్యూజియం వైపు చూసేవాళ్ళని నేను భరించలేను.

ఆయన ఊరికి వెళ్ళాడు. గది తాళం నా చేతికొచ్చింది. ఇక తొట్టి ఉంటే నా ఉప్పుతో ఉంటుంది, పోతే నా ఉప్పుతో పోతుంది.

ముందు నాకు తెలిసింది వంటింటి సంగతే. పులుసు మరిగి ఇగిరిపోతే ఉప్పు కషాయం అవుతుంది. ఎగిరిపోయేది నీళ్ళే, ఉప్పు గిన్నెలోనే ఉంటుంది. తొట్టిలోంచి ఎండ తీసుకుపోతున్నది మంచినీళ్ళని. మేము పోస్తున్నది ఉప్పునీళ్ళని. ఇంత చిన్న సంగతి తెలియడానికి జువాలజీ అక్కర్లేదు, అయినా జువాలజీ విభాగమంతా కలిసి తొట్టిని ఊరగాయ జాడీ చేసింది. నా నుదుటి బొట్టుబిళ్ళ తీసి, నీళ్ళ మట్టం దగ్గర అద్దానికి బయట అంటించాను. ఇక రోజూ నీళ్ళు ఆ బొట్టు కిందకి దిగితే, పోసేది మంచినీళ్ళే.

కాని అసలు ప్రశ్న అలాగే ఉంది. ఇరవై అయిదు దాకా నిలపాలా, తగ్గించాలా? తగ్గిస్తే ఎంత? పుస్తకంలో ఉన్నది ఇరవై అయిదే. పుస్తకం తప్పంటే, నేనెవర్ని?

మా అమ్మకి రెండు గేదెలు. అంతకు ముందెప్పుడో పాలకేంద్రంలో ఆమె పాలలో నీళ్ళు కలిపావన్నారు. అమ్మ అక్కడే రచ్చ చేసి, నాయన చేత గుంటూరు నుంచి తన సొంత లాక్టోమీటరు తెప్పించుకుంది. అది కూడా హైడ్రోమీటరు లాంటి గాజు బుడ్డే, పాలు కొలవడానికి చేసింది. నీళ్ళు కలపని గేదెపాలయితే ముప్పై దగ్గర నిలబడుతుంది. ఇంట్లో కొలిచిన తరవాతే కేంద్రానికి పాలు పంపేది. అక్కడ ఒక్క గీత తక్కువ చెప్పినా బిందె తీసుకుని కొంగు బిగించి బయలుదేరేది. ఊళ్ళో సొంత లాక్టోమీటరున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నేను వెతుక్కోనక్కర్లేదు.

ఒక రోజు పొద్దున్నే పిండిన పాలలో నేను లాక్టోమీటరు ముంచబోతే అమ్మ నా చెయ్యి తోసేసింది.

"ఏమే, పొదుగు వేడి మీదే ముంచుతావేంది? వేడిలో తక్కువ చూపిచ్చుద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

చిన్నప్పటి నుంచి వింటున్న తిట్టే. ఆ రోజు మాత్రం బిందె ముందు అలాగే కూర్చుండిపోయాను. వేడికి పాలు పలచబడితే గాజు కిందకి దిగుతుంది, గీత తక్కువ చూపిస్తుంది. మరి నీళ్ళు? లాక్టోమీటరు తిప్పి చూశాను. కాడ లోపలి కాగితం మీద ఎనభై నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్ అని ఉంది. గబగబా కాలేజీకి పోయి హైడ్రోమీటరు తీశాను. దాని మీద అరవై అని ఉంది. అరవై ఫారన్‌హీట్ అంటే పదిహేను సెంటీగ్రేడు, వణుకు పుట్టే చల్లటి నీళ్ళు. పల్నాడులో ఫ్రిజ్ ఉన్న ఇంట్లో తప్ప అంత చల్లటి నీళ్ళు ఎవరూ చూసి ఉండరు. చలి దేశంలో చలి నీళ్ళకి గీసిన గీతల్ని పట్టుకుని, కాగిన నీళ్ళలో ఉప్పు చాలలేదని మేము పోసుకుంటూ పోయాం.

అయినా నా ఊహ ఊహే. తేల్చవలసింది సముద్రం. ఆ వారమే నాయన లారీలో బండల మీద కూర్చోకుండా క్యాబిన్‌లోనే కూర్చుని, రెండు గాజు బుడ్లనీ పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని సూర్యలంక పోయాను. చీర కుచ్చెళ్ళు దోపుకుని, కెరటాలు దాటి, బకెట్‌తో నీళ్ళు ముంచుకొచ్చాను. ఏప్రిల్ కాబట్టి వరద నీళ్ళు కలిశాయన్న సాకు లేదు. హైడ్రోమీటరు ముంచితే ఇరవై మూడు. అంటే మా హెడ్డు లెక్కన బంగాళాఖాతానికే ఉప్పు చాలలేదు, కిరాణా కొట్టు నుంచి తెప్పించి కలపాలి. లాక్టోమీటరు ముంచాను. ఇరవై ఆరు దగ్గర నిక్కచ్చిగా నిలబడింది. పాలకేంద్రం వాళ్ళయితే సముద్రాన్ని కూడా నీళ్ళు కలిపిన గేదెపాలని వెనక్కి పంపేవాళ్ళు. నేను ఇసకలో కూర్చుని పగలబడి నవ్వాను.

"సముద్రానికి ఉప్పు చూసే కూతుర్ని కన్నా," అన్నాడు నాయన, బీడీ ఆర్పుతూ. "ఇంక నన్ను లారీకి ఎవుడు పిలుస్తాడో."

తిరిగొచ్చి తొట్టిలో లాక్టోమీటరు ముంచితే ముప్పై రెండు. ముడుచుకోక ఏం చేస్తుంది?

ఒక్కసారి దించకూడదని మాత్రం తెలుసు. ఎండలోంచి వచ్చినవాడికి కూడా కడవెడు చన్నీళ్ళు ఒకేసారి తాగించరు. రోజుకి ఒక చెంబెడు తొట్టి నీళ్ళు తీసెయ్యడం, ఎండలో పెట్టి క్లోరిన్ మందు వాసన పోగొట్టిన మునిసిపాలిటీ నీళ్ళు చెంబెడు పొయ్యడం. చేపలకి ఇరవై చాలు, ఇంకా తేలికగా బతుకుతాయి అని ఇంకో పుస్తకంలో ఉంది. చేపలు ఎలాగైనా సర్దుకుంటాయి, కాళ్ళో రెక్కలో ఉన్నవాళ్ళు ఎక్కడైనా సర్దుకుంటారు. రాతికి అంటుకున్నదే సర్దుకోలేదు. కాబట్టి గీత చేపలది కాదు, పువ్వుదీ పగడానిదీ. లాక్టోమీటరు ఇరవై ఆరు. అంతకు ఒక్క గీత ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అలా నిర్ణయించుకున్నాక నాకు నిద్ర పట్టింది.

మే వచ్చింది. గదికి వట్టివేళ్ళ తడికెలు కట్టాను, తొట్టి చుట్టూ తడి గోనెలు కప్పాను. కరెంటు పోతే గాలి పంపు ఆగిపోయేది. నాయన లారీ పాత ట్యూబు ఒకటి ఇచ్చాడు. దాన్లో గాలి నిండా కొట్టించి, సన్నటి గొట్టం తగిలించి, వాల్వు కొంచెం వదిలితే పూట గడిచేది. ఆ ట్యూబు గదిలో కొండచిలవలా పడి ఉంటే, లాక్టోమీటరు చేత పట్టుకుని నేను చుట్టూ తిరగడం చూసి కాలేజీ వాచ్‌మన్ నాకు పిచ్చి పట్టిందని ఊరంతా చాటాడు. చాటితే చాటనీ అనుకున్నాను. పగడం మాత్రం దక్కలేదు. దాని నోళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు, రాయి తెల్లబారిపోయింది. ఆ రోజు తొట్టి ముందు కూర్చుని ఏడ్చాను. ఏడ్చి లేచి, చెంబెడు తీసి చెంబెడు పోశాను.

లాక్టోమీటరు ఇరవై ఆరుకి దిగిన కొన్నాళ్ళకి, ఒక పొద్దున తలుపు తీసేసరికి పువ్వు విచ్చుకుని ఉంది. రామేశ్వరంలో చూసినంత విచ్చుకుంది. చేపలు రెండూ రేకుల మధ్య దూరి, తల ఒక్కటే బయటపెట్టి నన్ను చూస్తున్నాయి. నాకు అరవాలనిపించింది. ఎవరూ లేరు కాబట్టి అరిచాను కూడా.

జూన్‌లో హెడ్డు వచ్చాడు. పువ్వుని చూసి ఆగిపోయాడు. తరవాత అలవాటుగా హైడ్రోమీటరు అందుకుని ముంచాడు. ఇరవై మూడు దగ్గర ఆగింది.

ఉప్పు దిగిపోయిందమ్మా, అందుకే ఇది ఎక్కువ రోజులుండదు అన్నాడు. అటెండరుని పిలిచి ఉప్పు తెమ్మన్నాడు. నేను తొట్టికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ నీళ్ళ మీద చాపాను.

"ఉప్పు వేస్తే నా చేతుల మీద వెయ్యండి సార్. నీళ్ళలో పడనివ్వను."

ఒక డిమాన్‌స్ట్రేటరు, అందులోనూ తాత్కాలిక ఉద్యోగి, హెడ్డుతో అనే మాట కాదది. ఉద్యోగం పోవచ్చని తెలుసు. పోతే బకెట్ పట్టుకుని ఇంటికి పోతాను, తొట్టిని గేదెల కొట్టంలో పెట్టుకుంటాను అనుకున్నాను. అటెండరు ఉప్పు పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

లాక్టోమీటరు తీసి ముంచాను, ఇరవై ఆరు. పాలు కొలిచేదానితో సముద్రం కొలుస్తావా అన్నాడు ఆయన.

"పాలు ఇక్కడివే, వేడీ ఇక్కడిదే సార్. మీ గాజు మీద ఎన్ని డిగ్రీలుందో ఒకసారి చదవండి. సముద్రంలో ముంచినా అది ఇంతే చూపించింది. సముద్రానిది తప్పంటే మీరే దిద్దండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని కాడ మీది అంకె చదివాడు. మళ్ళీ చదివాడు. పొరపాటైందని అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. ఉప్పు పొట్లం క్యాంటీన్‌లో ఇచ్చెయ్యమని అటెండరుతో చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర ఆగి, "తొట్టి నీదే. సీసా మాత్రం అక్కడే ఉంటుంది, ఎప్పటికైనా దానికి తప్పదు," అన్నాడు.

ఆ ఏడు మా కాలేజీకి ఎవరొచ్చినా ముందు ఆ గదికే తీసుకొచ్చేవాళ్ళు. వినుకొండ నుంచి, గురజాల నుంచి హైస్కూలు పిల్లలు వరసకట్టి వచ్చేవాళ్ళు. సముద్రం చూడని పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి, అందులో బతికున్నదాన్ని చూశారు. నాకు అంతకన్నా కావలసింది ఏమీ లేదు.

మరుసటి ఏడు గాలివానకి స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు రాలేదు. నాయన లారీ ఎక్కడో చిక్కుకుంది, ట్యూబులో గాలి కొట్టించే దిక్కు లేదు. గిన్నెతో నీళ్ళు ఎత్తి పోస్తూ నేను నిలబడ్డాను గాని చేపలు రెండూ పోయాయి. పువ్వు ఒక్కటి ముడుచుకుని, కొన ఊపిరితో ఉంది. హెడ్డు తనే సీసా పట్టుకుని వచ్చాడు. ఈసారి ఎకసెక్కం లేదు, నిజంగా బాధపడ్డాడు. చచ్చాక కరిగిపోతుందమ్మా, ప్రాణం ఉండగానే వెయ్యాలి, పిల్లలకైనా మిగులుతుంది అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేను రాయిని బకెట్లోకి దించుకుని, ఆయన ముందు నుంచే బయటికి నడిచాను.

రోడ్లు తెరుచుకోగానే నాయన సూర్యలంక తీసుకెళ్ళాడు. లాక్టోమీటరు ముంచితే సముద్రం ఇరవై దగ్గరే ఉంది. కృష్ణ వరదంతా దాంట్లోనే ఉంది. ఆ రోజు ఆ ఒడ్డున అసలు సముద్రం నా బకెట్లో ఉన్నదే. అలాగే దించితే చస్తుంది. ఇసకలో కూర్చుని, గ్లాసెడు తీసి గ్లాసెడు కెరటం నీళ్ళు పోస్తూ, కాసేపు ఆగి మళ్ళీ పోస్తూ పొద్దు వాలేదాకా ఉన్నాను. నాయన తొందర పెట్టలేదు. బకెట్లోదీ బయటిదీ ఒకే గీత మీద నిలిచాక, దూరంగా నీళ్ళలోకి నడిచి రాయిని వదిలాను. బతికిందో లేదో నాకు తెలియదు.

ఖాళీ సీసా లేబుల్‌తో సహా మ్యూజియంలోనే ఉండిపోయింది. కొత్తగా చేరిన పిల్లలు, ఇందులో ఏమీ లేదేంటి మేడం అని అడిగేవాళ్ళు. లేదు, ఉండదు అనేదాన్ని. ఆ గదిలో సీసాలన్నిటికీ ఫార్మలిన్ పోసింది నేనే. దాంట్లో మాత్రం ఒక్క చుక్క పొయ్యలేదు.